ఆవకాయ జాడీ మీద దర్భ

మొన్న చంద్రగ్రహణానికి దేవరాపల్లిలో మా అత్తగారు ఆవకాయ జాడీ మీద దర్భ వేయమన్నారు. వేశాను.

"పడేది భూమి నీడే కదమ్మా, దర్భెందుకూ?" అంది మా అమ్మాయి.

గెలీలియో గుర్తొచ్చాడు. భూమి తిరుగుతోందన్నందుకు 1633లో రోములో చర్చి పెద్దలు ఆ ముసలాయన్ని మోకరిల్లజేసి కాదనిపించారు. (1543లో అదే మాట రాసిన కోపర్నికస్ చర్చి కొలువులోని వాడే!) పిరికివాడంటారు కొందరు. నేననలేను, ఆయన ఎదుట చెరసాల ఉంది. నా ఎదుట ఉన్నది అత్తగారి ముఖం.

మన విశాఖలో గోడే వెంకట జగ్గారావుగారు 1840లో సొంతంగా వేధశాల కట్టారు. ఏ మఠమూ విచారణకు పిలవలేదు. మన ఓర్పు గొప్పదని మురిసిపోయేదాన్ని. లెక్కను మేడమీదా, దర్భను వంటింట్లోనూ ఉంచుకుంటే ఇక తగువెందుకొస్తుంది?

"మామ్మ మనసు నొప్పించలేక" అన్నాను.

"ఎప్పుడైనా చెప్పి చూశావా?"

లేదు.