విద్యాధికారము – సేవాసంకల్పము

ఏ విద్యకైనను అధికారము ముఖ్యమని మన పెద్దలు చెప్పుదురు. అధికారమనగా పెత్తనము కాదు. విద్యను గ్రహించుటకును, గ్రహించినదానిని సద్వినియోగము చేయుటకును గల యోగ్యత. పరీక్షలో తప్పిన బాలునకు ఆ యోగ్యత లేనట్లేనా? తోటివారికంటె వెనుకబడి, చుట్టుదారిన వైద్యవిద్యను చేరగోరువానిని మన మేవిధముగ చూడవలెను?

ఇది పండితగోష్ఠులకు మాత్రమే చెందిన ప్రశ్న కాదు. పటాన్‌చెరు చేరువనున్న లక్డారము వంటి గ్రామములలో ఇంటింటను ఎదురగుచున్నదే. ఆ ప్రాంతమున నేడు కర్మాగారములు విస్తరించినవి. ఔషధములు తయారగు చోట్లును వానిలో కలవు. రాత్రి షిఫ్టు ముగించుకొని ఇల్లు చేరు తండ్రి తన బిడ్డ డాక్టరు కావలెనని కోరుట సహజమే. 2022వ సంవత్సరమున సంగారెడ్డిలో ప్రభుత్వ వైద్యకళాశాల ఆరంభమైనది. అదే సంవత్సరమున నీట్ ప్రవేశపరీక్షకు గరిష్ఠ వయోపరిమితియు తొలగింపబడెను. కళాశాల దగ్గరైనది, వయస్సు అడ్డు తొలగినది. అయినను ఒకమారు తప్పిన బిడ్డ తన ఇంటివారి యెదుటనే తలయెత్తలేకున్నాడు.

ఈ సందర్భమున డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితము స్మరణీయము. వారు 1895 జనవరి 12న భీమవరమున జన్మించిరి. బాల్యమున వారికి చదువుపై మనస్సు నిలువలేదు. 13 ఏండ్ల ప్రాయమున, కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని ఇల్లు విడిచిరి. తల్లి వెంకమ్మగారు వెనుకకు రప్పించిరి. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పి, మూడవమారు మద్రాసు హిందూ హైస్కూలునుండి ఉత్తీర్ణులైరి. పిమ్మట సన్న్యాసము స్వీకరింపగోరి రామకృష్ణ మఠము నాశ్రయింపగా, ప్రజాసేవకై వైద్యము నభ్యసింపుమని అచ్చటివారు హితవు పలికిరి.

మద్రాసు వైద్యకళాశాలలోను వారి మార్గము సుగమము కాలేదు. స్వదేశీ దీక్షతో ఖద్దరు ధరించుట ఆంగ్లేయుడైన ఆచార్యునకు గిట్టకపోగా, వారికి ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టమే లభించెను. కొంతకాలము ఆయుర్వేద కళాశాలలో బోధించి, పిమ్మట అమెరికా చేరిరి. ఆసుపత్రిలో రాత్రివేళ చిన్న పనులు చేయుచు హార్వర్డులో చదివిరి. 1945లో వారి నాయకత్వమున లెడర్లే ప్రయోగశాలవారు ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగ తయారుచేసిరి. స్ప్రూ అను జీర్ణవ్యాధి అంతకుముందే వారి సోదరుని బలిగొనియుండెను. ఆ వ్యాధికే ఈ పదార్థము ఔషధమయ్యెను. నేడు మన పల్లెలలో గర్భిణులకిచ్చు ఇనుము మాత్రలలోను ఫోలిక్ ఆమ్లము కలదు. మెట్రిక్యులేషను రెండుమారులు తప్పిన బాలుని కృషిఫలము ఇట్లు లక్డారము గడపకును చేరినది.

దీనినుండి పట్టుదలయే సర్వస్వమని గ్రహించుట తొందరపాటగును. అరటిపండ్లమ్మి ధనవంతుడు కావలెనని ఇల్లు విడిచిన బాలునకును పట్టుదల కలదు. పిమ్మట మారినది పట్టుదల కాదు, దాని లక్ష్యము. తనకై కోరినంతకాలము అది మొండితనము. పరుల బాధను తొలగింపగోరినపుడు అదియే తపస్సు.

మన గురుపరంపరాగాథ యొకటి దీనినే బోధించుచున్నది. భగవద్రామానుజులు మంత్రార్థమునకై గోష్ఠీపూర్ణులను పదునెనిమిది మారులు ఆశ్రయించిరని పెద్దలు చెప్పుదురు. పదునేడుమారులు తిరిగిపోవలసివచ్చినది. అయినను మనము రామానుజులకు నమస్కరించుట అన్నిమారులు నడచినందులకే కాదు. కష్టించి పొందినదానిని గోపురమెక్కి అందరికిని పంచినందులకు. నిరీక్షణకు విలువ పంచుటయందున్నది.

ఒక్క సుబ్బారావుగారిని చూపి వేలమందికి ఆశ కల్పించుట న్యాయమా యని కొందరడుగవచ్చును. ఆ ప్రశ్న ఉచితమైనదే. ప్రయత్నించిన ప్రతివానికిని సీటు లభించునని ఎవ్వరును మాట ఇయ్యజాలరు. అప్పులుచేసి ఏండ్లతరబడి శిక్షణకు పంపుట అన్ని ఇండ్లకును తగదు. ఎన్నిమారులు ప్రయత్నింపవలెనో ముందుగనే తలిదండ్రులును బిడ్డయు కూర్చుండి నిర్ణయించుకొనుట ధర్మము. కాని సీటు దొరకనంతమాత్రమున సేవాద్వారము మూసుకొనదు. రోగికి మందిచ్చు నర్సు, రక్తము పరీక్షించు ల్యాబు టెక్నీషియను, మాత్రల నాణ్యతను చూచు కర్మాగార రసాయనికుడు, వీరందరును ఆ రోగి ప్రాణమునకు కాపరులే. సుబ్బారావుగారి మహోపకారమును రోగి పడకయొద్ద జరిగినది కాదు, ప్రయోగశాలలో జరిగినది.

కావున పరీక్ష తప్పిన బిడ్డను ‘నీకెన్ని మార్కులు వచ్చె’నని మరల మరల అడుగుటకంటె, ‘ఈ విద్య నెవరికొరకు కోరుచున్నా’వని ఒకమారు ప్రేమతో అడుగుట మేలు. ఆ బిడ్డ ఇచ్చు సమాధానములో పరులపై దయ కనిపించినచో, అధికారము కలిగినదనియే మనము గ్రహింపవలెను. ఏ ద్వారమున, ఏ వయస్సున ప్రవేశము లభించునో నిర్ణయించుట మన చేతిలో లేదు. ఆ దయను ఆరిపోనీయక కాపాడుట మాత్రము మన చేతిలోనిదే.