శిఖండిని అడవికి ఎందుకు వెళ్లింది?

శిఖండి అనగానే భీష్ముడి ఎదురుగా నిలబడిన యోధుడు గుర్తొస్తాడు కదా. ఈసారి దానికి ముందు కథ చూద్దాం. ఉద్యోగపర్వం చివర్లో భీష్ముడే దుర్యోధనుడికి చెప్తాడు.

ద్రుపదుడికి కూతురు పుట్టింది. ఎప్పటికైనా మగవాడు అవుతుందన్న శివుడి వరాన్ని నమ్మి, కొడుకుగా పెంచి, పెళ్లి కూడా చేశారు. నిజం బయటపడింది. వియ్యంకుడు హిరణ్యవర్మ యుద్ధానికి సిద్ధమయ్యాడు. ద్రుపదుడు కోటను బలపరిచాడు, మంత్రులతో ఆలోచించాడు, దేవతలను పూజించాడు. "నీ మనసులో ఏముందమ్మా?" అని ఆ బిడ్డను అడిగినట్టు మాత్రం కనిపించదు. అమ్మానాన్నల దుఃఖమంతా తన వల్లే అనుకుని, శిఖండిని ప్రాణం వదిలేయాలని అడవికి వెళ్లింది. అక్కడ "ఏం కావాలి?" అని అడిగింది స్థూణాకర్ణుడనే యక్షుడు. పరాయివాడు. ఆమెకు తన పురుషత్వం ఇచ్చి, కుబేరుడి శాపం కూడా తనే మోశాడు.

ఆమె కథా, ఈనాటి ట్రాన్స్‌జెండర్ పిల్లల జీవితమూ అచ్చంగా ఒకటే అనను. కానీ "నా వల్లే ఇంట్లో ఏడుపు" అన్న ఆలోచన మాత్రం అదే.

మా జమ్మలమడుగులో ఒక ఇంటి మాట సాయంత్రానికల్లా ప్రొద్దుటూరు చేరుతుంది. "చెల్లి పెళ్లి ఎట్లా? బంధువులకు ఏం చెప్పాల?" అనే పెద్దవాళ్ల భయం అబద్ధం కాదు. ద్రుపదుడి భయమూ నిజమే. ప్రశ్నల్లా ఒకటే: ఆ భయం బరువు ఎవరు మోయాలి? పెద్దవాళ్లా, పదిహేనేళ్ల బిడ్డా?

కెనడాలోని ఒంటారియోలో 16-24 ఏళ్ల ట్రాన్స్ యువత మీద చేసిన సర్వే రిపోర్ట్ 2012లో వచ్చింది. తల్లిదండ్రుల గట్టి అండ ఉన్నవాళ్లలో, ముందటి ఏడాదిలో ఆత్మహత్యకు ప్రయత్నించినవాళ్లు 4 శాతం. అంత అండ లేనివాళ్లలో 57 శాతం. ఒక్క సర్వేతో అంతా తేలిపోదు. కానీ ఇంత తేడాను పక్కన పెట్టలేం.

ట్రాన్స్‌జెండర్ అన్న కారణంతో, కోర్టు ఆదేశం లేకుండా బిడ్డను కుటుంబం నుంచి వేరు చేయకూడదని 2019 చట్టం 12వ సెక్షన్ చెప్తుంది. "మార్చేస్తాం" అని ట్రీట్‌మెంట్ చేయడం డాక్టర్ల వృత్తికే తప్పని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో చెప్పింది. చట్టం బిడ్డను గెంటేయకుండా ఆపగలదు. పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టించలేదు.

షాపు ముందు హిజ్రాలతో దిష్టి తీయించుకుంటాం, వాళ్ల దీవెన మంచిదంటాం. వాళ్లూ ఒక ఇంట్లో పుట్టిన బిడ్డలే. ఇల్లు వదిలిన ఎంతోమందికి గురువే తల్లి అయింది. యక్షుడు దొరికినవాళ్లు బతికారు. దొరకనివాళ్ల సంగతేంటి? మన బిడ్డ ప్రాణాన్ని పరాయివాళ్ల దయకు వదిలేయడం ధర్మమేనా?

ఇది చదివేవాళ్లలో చాలామంది అన్నలు, అక్కలు. తమ్ముడో చెల్లో ఈ మాట మొదట చెప్పేది మీకే కావచ్చు. అంతా వెంటనే అర్థం కావాలని లేదు. పూర్తిగా వినండి. వాళ్లు కోరిన పేరుతో పిలవండి. వాళ్లు ఒప్పుకోకుండా ఎవరికీ చెప్పకండి. అమ్మానాన్నలతో మాట్లాడాల్సి వస్తే పక్కన నిలబడండి. మనసు మరీ బరువెక్కితే టెలీ మానస్ 14416కి కాల్ చేయండి. ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

యక్షుడు అడిగిన ఆ ఒక్క ప్రశ్న ముందు మన ఇంట్లోనే వినిపించాలి.

ఓం నమః శివాయ.