గడప వద్ద ధర్మం

ఈశ్వరచంద్ర విద్యాసాగర్ 1855లో బెంగాలీ బాలల కోసం ‘వర్ణపరిచయం’ రచించారు. ఆయన పేరిట ఖరగ్‌పూర్‌లో విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్ వెలసింది. బెంగాల్–నాగపూర్ రైల్వే కాలం నుండి ఆ పట్టణం తెలుగు కుటుంబాలకూ నివాసమే. అక్షరానికి ముందు మాట. మాటకు తొలి బడి తల్లి ఒడి.

1975 అక్టోబరు 2న ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవా పథకం మూడేళ్లు నిండిన పిల్లలకు అంగన్‌వాడీలో పూర్వ ప్రాథమిక విద్యను కల్పించింది. అంతకు చిన్నవారిని చేరే మార్గం గృహసందర్శనం. అయితే కార్యకర్త వచ్చేది తల్లిని పరీక్షించడానికా, తోడ్పడడానికా? తప్పులెంచే చూపు ఎదుట తల్లి మౌనం వహిస్తుంది. ఆమె మాటలతోనే మాట నేర్వవలసిన శిశువుకు ఆ మౌనం నష్టం. బెంగాలీ కార్యకర్తకు తెలుగు జోలపాట అర్థం కాకపోవచ్చు. అయినా అది పాఠమేనని గుర్తించాలి. గడప లోపల ప్రభుత్వం అతిథి. అతిథి ధర్మం అనుమతి కోరడంతో మొదలవుతుంది.