రెండిండ్లు, ఒక మనస్సాక్షి

గడచిన నెల ఒక ఆదివారమున ఆరాధన ముగిసిన పిదప మన సంఘపు పెద్దమ్మగారొకరు మందిరపు మెట్లమీద మాకొరకు కాచుకొనియుండిరి. చేతిసంచిలోనుండి ఫోను తీసి, "అయ్యగారూ, మావాడు చెప్పిన మాటలు ఒకసారి వినండి, నాకు రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు" అనిరి.

ఆమె కుమారుడు అమెరికా దేశమునకు పోయి ఇరువది యేండ్లు దాటినది. అక్కడి పౌరుడైనాడు. న్యూజెర్సీ రాష్ట్రములో కాపురము. ఫ్లోరిడా రాష్ట్రములో ఒక పెట్రోలు బంకు, దాని దగ్గరనే ఒక చిన్న ఇల్లు. చలికాలమంతయు అక్కడనే యుండును. ఒక రాత్రి కొట్టు కట్టివేయు వేళ ఎవడో తుపాకి చూపి సొమ్ము తీసికొనిపోయెను. అది మొదలుకొని తానును పిస్తోలు ఒంటిమీద ఉంచుకొని తిరుగవలెనని అతని తలంపు. "ఒక ఇంటి దగ్గర కాగితమే అక్కర్లేదంటున్నారు. ఇంకో ఇంటి దగ్గర కాగితం లేకపోతే జైలంటున్నారు. అమ్మా, ఇది తప్పో ఒప్పో అయ్యగారిని అడుగు" అని ఆ ఫోనులో వినబడెను.

తల్లి అడిగినది ఒక్కటే మాట: "తుపాకి పెట్టుకుంటే పాపమా, అయ్యగారూ?"

మెట్లమీద నిలువబడి దానికి జవాబు చెప్పలేకపోతిమి. మన దేశములో 1959 ఆయుధముల చట్టము ప్రకారము లైసెన్సు లేనిదే తుపాకి లేదు. ఎన్నికలు వచ్చినప్పుడు ఆ లైసెన్సు తుపాకులను కూడ పోలీసు స్టేషనులో అప్పగింపుమనుట మీరు చూచినదే. అక్కడి సంగతి వేరు. గనుక ఆ దేశపు చట్టములను గూర్చి చదివి, ఎరిగినవారిని అడిగి, కొంత తెలిసికొంటిమి. మన గ్రామములనుండి అనేకుల బిడ్డలు అక్కడ ఉన్నారు గనుక ఆ సంగతులు మీకును చెప్పుట మంచిది.

1791లో ఆ దేశపు రాజ్యాంగమునకు చేర్చబడిన రెండవ సవరణ ప్రజలకు ఆయుధములు కలిగియుండు హక్కునిచ్చుచున్నది. ఆత్మరక్షణకై ఆయుధము ధరించు హక్కు ఇంటి గడప దాటి బయటికి కూడ వచ్చునని 2022 జూన్ 23న వారి సుప్రీం కోర్టు న్యూయార్కు రాష్ట్రపు వ్యాజ్యెములో తీర్పు చెప్పెను. అయినను పర్మిట్టు అడుగు అధికారము రాష్ట్రములకు నిలిచియేయున్నది. సగమునకు పైగా రాష్ట్రములలో వయస్సు నిండి, చట్టరీత్యా అడ్డంకి లేనివాడు పర్మిట్టు లేకయే పిస్తోలు ధరింపవచ్చును. ఫ్లోరిడా 2023 జూలై 1 నుండి ఆ వరుసలో చేరెను. న్యూజెర్సీలోనైతే శిక్షణ పొంది, ఎరిగినవారి సాక్ష్యము తెచ్చి, పోలీసు విచారణ ముగిసి, పర్మిట్టు చేతికి వచ్చిన పిమ్మటనే ధరింపవలెను. లేనియెడల అది అయిదు మొదలు పది యేండ్ల వరకు శిక్షకు పాత్రమైన నేరము. ఇతర రాష్ట్రముల పర్మిట్టు అక్కడ చెల్లదు. కారు నడుపు లైసెన్సు ఒక్కటియుంటే ఆ దేశమంతయు తిరుగవచ్చును. పిస్తోలు పర్మిట్టునకు ఆ చెల్లుబాటు లేదు.

ఇక రెండు రాష్ట్రములలో ఇండ్లున్నవాడు ఎక్కడివాడు? కేంద్ర ప్రభుత్వపు నియమము ప్రకారము, అట్టివాడు ఏ ఇంట కాపురముండునో ఆ కాలమునకు ఆ రాష్ట్రపు నివాసియే. అయితే ఆ నియమము తుపాకి కొనుటకు సంబంధించినది. దానిని ధరించి తిరుగుటకు అతడు నిలువబడిన నేలయొక్క చట్టమే చట్టము. దారిలోని రాష్ట్రములు దాటుటకు 1986లో ఒక చట్టము వచ్చెను. బయలుదేరు చోటను చేరు చోటను ఆ తుపాకి చట్టసమ్మతమై యుండవలెను. గుండ్లు తీసివేసి, చేతికి అందని చోట తాళము పెట్టవలెను. చదువు వీసాలమీదను ఉద్యోగపు వీసాలమీదను ఉన్న మన పిల్లలకైతే, వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు తప్ప, తుపాకి కలిగియుండుటయే కేంద్ర చట్టమునకు విరోధము. తల్లిదండ్రులు ఈ సంగతి వారికి గట్టిగా చెప్పవలెను.

ఈ చట్టముల నడుమ నలిగిన ఇద్దరి సంగతి చెప్పెదము. 2013లో పెన్సిల్వేనియా రాష్ట్రపు తల్లి యొకతె తన రాష్ట్రపు పర్మిట్టుతో, తన పిస్తోలుతో న్యూజెర్సీలోనికి వచ్చెను. రోడ్డుమీద పోలీసు ఆపగా తన దగ్గర పిస్తోలున్నదని ఆమెయే చెప్పెను. ఆమె జైలు పాలయ్యెను. 2015లో ఆ రాష్ట్రపు గవర్నరు క్షమించువరకు ఆ నేరము ఆమెను విడువలేదు. రెండవవాడు న్యూయార్కు రాష్ట్రపు మనిషి. 2008లో పిస్తోలు లైసెన్సునకు దరఖాస్తు పెట్టుకొని, ఆ వ్యవహారము నడుచుచుండగా కాపురము లూయిసియానాకు మార్చెను. పాత ఇంటిని సెలవు దినములలో వచ్చి పోవుటకు ఉంచుకొనెను. ఊరకుండిన బాగుండునని కొందరందురు. అతడైతే తానే లేఖ వ్రాసి, ఇప్పుడును నేను అర్హుడనేనా అని అడిగెను. లైసెన్సు నిరాకరింపబడెను. కొంతకాలము ఉండు ఇల్లు గలవాడును దరఖాస్తు పెట్టవచ్చునని 2013లో ఆ రాష్ట్రపు ఉన్నత న్యాయస్థానము చెప్పువరకు అతడు కనిపెట్టవలసివచ్చెను.

ప్రియులారా, రెండిండ్లవానికి వచ్చు మొదటి శోధన పిస్తోలు కాదు. ఎక్కడ లాభమో అక్కడివాడనని చెప్పుకొనుటయే. పన్ను తక్కువైన చోట నివాసి, పర్మిట్టు సులువైన చోట నివాసి, బాధ్యత వచ్చిన చోట చుట్టపుచూపుగా వచ్చినవాడు! ఇది అమెరికా రోగము మాత్రమే కాదు. మన మధ్య రెండు ఊళ్ల ఓటర్ల జాబితాలలో పేరున్నవారు లేరా? మేమును ఈ సంఘమునకు వచ్చిన పిమ్మట కొన్ని సంవత్సరములు స్వగ్రామపు జాబితాలో పేరు కొట్టివేయించుకొనలేదు. రెండు చోట్ల ఓటు వేయలేదు గదా అని మమ్మును మేమే సమర్థించుకొంటిమి. అది సత్యముగా నడుచుట కాదని తరువాత సిగ్గుపడితిమి. గనుక ఆ లేఖ వ్రాసినవానిని మేము గౌరవించుచున్నాము.

ఆ తల్లియు సత్యము చెప్పెను. అయితే సరిహద్దు దాటకముందు అడుగవలసిన సంగతి దాటిన తరువాత బయటపడెను. నెహెమ్యా ఇట్లు చేయలేదు. షూషనునుండి బయలుదేరకమునుపే, నది అవతలి అధికారులు తన్ను దాటనిచ్చునట్లు తాకీదులు ఇప్పింపుమని రాజును అడిగెను. దేవుని పనికి పోవుచున్నాను, నాకు కాగితములెందుకు అనలేదు. ఏ అధికారి నేలమీద అడుగు పెట్టునో ఆ అధికారి అనుమతి ముందుగా సంపాదించెను. రెండు రాష్ట్రముల మధ్య తిరుగువానికి ఇంతకంటె మంచి మాదిరి లేదు.

అయితే పర్మిట్టు దొరకినంతమాత్రమున తల్లి ప్రశ్నకు జవాబు దొరకదు. ఆ పర్మిట్టు ప్రభుత్వము ఒప్పుకొనెనని మాత్రమే చెప్పును. ఆ పిస్తోలు పెట్టుకొనిన మనుష్యుడు లోపల ఏమగుచున్నాడో చెప్పదు.

నెహెమ్యా గుఱ్ఱపు రౌతులతో ప్రయాణము చేసెను. అదే యెరూషలేమునకు, అర్తహషస్త రాజు కాలముననే, ఎజ్రా స్త్రీలను పిల్లలను వెండి బంగారములను వెంటబెట్టుకొని కావలివారు లేకయే పోయెను. దేవుడే మాకు కాపు అని రాజుతో చెప్పియుండి మరల సేనను అడుగుటకు అతడు సిగ్గుపడి, ఏటి యొద్ద ఉపవాసముండెను. ఇద్దరును భక్తులే. ఒకనిని విశ్వాసము లేనివాడని, ఒకనిని వెఱ్ఱివాడని గ్రంథము తీర్పు తీర్చలేదు. గనుక ఆయుధము ధరించినవాడు క్రైస్తవుడే కాడని మేము చెప్పలేము, ధరించుట సుళువైన సంగతి అనియు చెప్పలేము.

నిర్గమకాండము ఇరువది రెండవ అధ్యాయములో దొంగను గూర్చిన విధి చదువుడి. రాత్రి కన్నము వేయుచు దెబ్బ తగిలి చచ్చిన దొంగ నిమిత్తము రక్తాపరాధము లేదు. ప్రొద్దు పొడిచిన తరువాతనైతే ఉన్నది. దెబ్బ ఒకటే, దొంగ ఒకడే, తీర్పులు రెండు. చీకటిలో వచ్చినవాడు సొమ్ముకు వచ్చెనో ప్రాణమునకు వచ్చెనో తెలియదు. వెలుగులో తెలియును. ప్రాణము నిలుపుకొనుట వేరు, సొమ్ము నిలుపుకొనుటకు ప్రాణము తీయుట వేరు అని మేము దీనివలన నేర్చుకొనుచున్నాము. దొంగ రక్తమునకు కూడ దేవుని యొద్ద లెక్కయున్నది.

గెత్సేమనేలో పేతురు నడుమున కత్తియుండెను. ప్రభువుమీది ప్రేమతోనే దూసెను. అయితే అది తగిలినది ఎవనికి? అధిపతికి కాదు, ప్రధానయాజకుని దాసునికి. భయపడిన చేతిలోని ఆయుధము తరచు తగులవలసినవానికి తగులదు. ప్రభువు బంధింపబడుచుండిన ఆ గడియలోనే తన శిష్యుడు చేసిన గాయమును ముట్టి బాగుచేయవలసివచ్చెను.

ఇవన్నియు మనస్సులో పెట్టుకొని ఆ పెద్దమ్మగారి యింట కూర్చుండి ఆమె కుమారునితో ఫోనులో మాటలాడితిమి. "బాబూ, న్యూజెర్సీలో పర్మిట్టు లేకుండా పిస్తోలు పెట్టుకోవద్దు. ఫ్లోరిడాలో వద్దన్నవారు లేకపోయినా నిన్ను నీవు అడుగు. రెండిళ్లలోనూ ఒకే నిజం చెప్పు" అంటిమి. పిదప, "ఆ రాత్రి నీ దగ్గర పిస్తోలుంటే ఏమయ్యేది?" అని అడిగితిమి. అతడు చాలసేపు మాటలాడలేదు. "వాడు కుర్రవాడండీ, చేతులు వణుకుతున్నాయి. నేనో వాడో ఒకరం పోయేవాళ్లం" అనెను. "మరి ఇప్పుడు?" అంటిమి. "ఇద్దరం బ్రతికే ఉన్నామండీ" అనెను.

కొట్టు చీకటి పడకముందే కట్టివేసెదననియు, ఏనాటి సొమ్ము ఆనాడే బ్యాంకులో వేసెదననియు చెప్పెను. పిస్తోలు సంగతి ఇంకను నిశ్చయించుకొనలేదు. అది అతడును ప్రభువును తేల్చుకొనవలసిన సంగతి. తల్లి మాత్రము ఫోను తీసికొని, "నువ్వు బాగుండాలి నాయనా, ఆ కుర్రాడి తల్లి కూడా బాగుండాలి" అనిరి. మేము చేయవలసిన ప్రార్థన ఆమెయే చేసిరి.

దూరదేశములలో రాత్రివేళ కొట్లు తెరచియుంచు మన బిడ్డల నిమిత్తము, వారిమీదికి వచ్చు వణకు చేతుల బిడ్డల నిమిత్తము, ఈ నెల మీ కుటుంబ ప్రార్థనలలో జ్ఞాపకము చేయుడి.