పరుపుకు నాలుగు మూలలు

పఠన భాగము: మార్కు 2:1–12



కపెర్నహూములో పక్షవాయువు గలవానిని మోసికొని వచ్చిన నలుగురి పేళ్లు సువార్తలో లేవు. త్రోవ దొరకనప్పుడు వారు ఇంటికప్పు విప్పిరి గాని వెనుకకు మరలలేదు. మన ముత్తుకూరు చుట్టుపట్ల పల్లెలలో నడవలేని బిడ్డలున్న ఇండ్లను తలంచుకొని ఈ భాగమును చదువుడి.

కొందరు పిల్లలకు గర్భములోనో, కాన్పు వేళనో, పుట్టిన కొద్దికాలములోనో మెదడు దెబ్బతినును. దీనిని వైద్యులు సెరిబ్రల్ పాల్సీ అందురు. మెదడుకు తగిలిన ఆ దెబ్బ పెరుగదు. కాని ఎముకలు పెరుగుచుండగా బిగిసిన కండరములు వాటితో సమముగా సాగవు. అందుచేత మడమ నేలనానదు, మోకాళ్లు వంగిపోవును, కాళ్లు కత్తెరవలె ఒకదానిమీద నొకటి పడును. ఇది ఎవరి పాపమని అడుగువారు నేటికిని ఉన్నారు. పుట్టు గ్రుడ్డివానిని గూర్చి శిష్యులు అట్లే అడుగగా ప్రభువు ఆ నిందను ఒప్పుకొనలేదు. తల్లిమీద మోపిన ఆ బరువును మొదట దింపుడి.

ఈ వ్యాధిని 1862లో విపులముగా వివరించిన లండను వైద్యుడు విలియం జాన్ లిటిల్ తానే కుంటివాడు. చిన్ననాటి పోలియో చేత అతని ఎడమ పాదము వంకరపోయెను. 1836లో జర్మనీ దేశపు హానోవరులో స్ట్రోమయర్ అను వైద్యుడు మడమ వెనుకనున్న స్నాయువును, అనగా మనము వాడుకలో నరమనుదానిని, కోసి ఆ పాదమును సరిచేసెను. లిటిల్ ఆ విద్య నేర్చుకొని, స్వదేశమునకు పోయి ఇతరులకు చేసెను. పొందిన మేలును తనయొద్దనే దాచుకొనలేదు.

నేడు వైద్యులు బిడ్డ నడకను పరీక్షించి, పొట్టిపడిన స్నాయువులను పొడవు చేయుదురు. మెలితిరిగిన ఎముకను సరిచేయుదురు. తుంటి, మోకాలు, మడమ, అవసరమైనవన్నియు సాధ్యమైనంతవరకు ఒక్కమారే చేయుదురు. మరీ పసితనమున చేసినచో తిరిగి బిగియవచ్చును గనుక, తగిన వయస్సును వైద్యులే నిర్ణయింపవలెను. తిరుపతిలో 1985లో తిరుమల తిరుపతి దేవస్థానము స్థాపించిన బర్డ్ ఆసుపత్రిలో ఇట్టి బిడ్డలకు చికిత్స జరుగుచున్నది. దేవస్థానము వారిది గదా యని సంకోచింపకుడి. దారిలో గాయపడినవాడు సమరయుని చేతిని తోసివేయలేదు.

శృంగారమను ద్వారమునొద్ద కుంటివాని చీలమండలు వెంటనే బలము పొందెను. మన బిడ్డల విషయము అట్లు కాదు. శస్త్రచికిత్స మెదడును బాగుచేయదు. కట్టు విప్పిన దినమున బిడ్డ మునుపటికంటె బలహీనముగా కనబడవచ్చును. అప్పుడు "కోసి చెడగొట్టిరి" అని వ్యాయామము మానినచో పడిన కష్టమంతయు వ్యర్థమగును. ప్రతిదినము కాళ్లు సాగదీయవలెను, నిలువబెట్టవలెను, ఇచ్చిన బూట్లు, పట్టీలు తొడుగవలెను. పూర్తి ఫలము కనబడుటకు ఏడాది, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువ పట్టును.

తండ్రి వేటకు సముద్రముమీదికి పోవును. తల్లి నాట్లకో రొయ్యల చెరువు పనికో పోవును. ఏడాదిపాటు ఆ వ్యాయామము చేయించునదెవరు? ఆసుపత్రి పని ముగిసినచోట సంఘము పని ఆరంభమగును. పరుపుకు నాలుగు మూలలున్నవి. ఒకరు తల్లికి తోడుగా తిరుపతికి పోవలెను. ఒకరు ఇంటనున్న మిగిలిన పిల్లలకు అన్నము పెట్టవలెను. ఒకరు సాయంకాలము అరగంట కూర్చుండి బిడ్డ కాళ్లు సాగదీయవలెను. ఒకరు బడికి చేర్చి తీసికొని రావలెను.

అందరు బిడ్డలును నడువరు. కొందరికి శస్త్రచికిత్సయే తగదు. మెఫీబోషెతు రెండు కాళ్లును కుంటివాడుగానే దావీదు రాజు బల్లయొద్ద భోజనము చేసెను. నడిచిన బిడ్డకైనను నడువని బిడ్డకైనను మన మధ్య చోటు ఒక్కటే.

ఈ ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట, మీ వీధిలో అట్టి బిడ్డ ఉన్న ఇంటికి పోయి, ఏ మూల పట్టువారు లేక ఖాళీగా ఉన్నదో అడుగుడి. ఆ మూలను మీరు పట్టుడి. ప్రభువు మీకు బలమిచ్చును గాక. ఆమేన్.