పాఠ్యపుస్తకానికి మార్కులెవరు వేయాలి?

చదువుకునే పిల్లల్ని తూచడానికి మన దగ్గర తక్కెళ్ళు చాలా ఉన్నాయి. యూనిట్ టెస్టులు, హాఫియర్లీలు, పబ్లిక్ పరీక్షలు, ఎంట్రన్సులు. ఆ పిల్లలు చదివే పుస్తకాన్ని తూచే తక్కెడ మాత్రం ఎక్కడా కనిపించదు. పరీక్ష పోతే పిల్లవాడు తప్పాడంటాం గాని, పుస్తకం తప్పిందని ఎవరూ అనరు. అనవలసింది పుస్తకాన్నే అయిన సందర్భాలు ఉండవా? ఉంటే, ఆ మాట అనే అర్హత ఎవరికుంది? రాసినవారికా, పాఠం చెప్పేవారికా, చదివే పిల్లలకా? ఇది చదువుకు మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు. ఇందులో న్యాయాన్యాయాల విచారణ కూడా ఉందని నాకు తోస్తుంది.

దీనికి కలన గణితం కంటె మంచి ఉదాహరణ దొరకదు. పిల్లలు కాల్క్యులస్ అంటారే, అదే. మారుతున్న వస్తువు ఏ క్షణాన ఎంత వేగంగా మారుతోందో చెప్పేది అవకలనం. చిన్న చిన్న ముక్కల్ని కూడి మొత్తం తేల్చేది సమాకలనం. ప్లస్‌టూ దాటి ఇంజనీరింగుకో, సైన్సు డిగ్రీకో, ఎకనామిక్సుకో వెళ్ళే విద్యార్థులు ఈ గుమ్మం తొక్కక తప్పదు. చాలామంది ఆ గుమ్మం దగ్గరే కాలు తట్టుకుని పడేదీ నిజమే.

మా బరంపురంలో పక్కపక్క ఇళ్ళ పిల్లలిద్దరు ఒకే పుస్తకం చదివారు. "ముందు నిర్వచనం ఇస్తాడు. తరవాత సిద్ధాంతం ఇస్తాడు. ఆ తరవాత సులభంగా నిరూపించవచ్చు అంటాడు. ఆ సులభమేదో మాకు మాత్రం చూపించడు మామయ్యగారూ" అని అమ్మాయి ఫిర్యాదు. "ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క మాట తక్కువ లేదు. ఇలాంటి పుస్తకం ఇంకోటి లేదంకుల్" అని అబ్బాయి మెప్పు. ఇద్దరూ తెలివైనవారే, ఇద్దరూ కష్టపడేవారే. ఎవరి మాట నమ్మాలి? నేను కామర్సు చదివి బ్యాంకులో ఉద్యోగం చేస్తున్నవాణ్ణి. ఆ పుస్తకంలోని గణితం మీద తీర్పు చెప్పే స్తోమత నాకు లేదు. అయితే ఇద్దరు సాక్షులు రెండు రకాలుగా చెప్పినప్పుడు ఎవరు దేనికి సాక్షో విడదీసి చూడడానికి గణిత పాండిత్యం అక్కర్లేదు.

ఆ అమ్మాయి ఆగిపోయిన పేజీ అవధి గురించినది. ఎప్సిలాన్, డెల్టా అనే రెండు గ్రీకు అక్షరాలతో రాసిన అర పేజీ నిర్వచనం. ఆ అర పేజీ వెనక దాదాపు రెండు వందల ఏళ్ళ చరిత్ర ఉంది. 17వ శతాబ్దిలో న్యూటన్, లైబ్నిజ్ ఈ శాస్త్రాన్ని నిలబెట్టినప్పుడు ఆ నిర్వచనం లేదు. ఉందా లేదా అన్నంత చిన్న పరిమాణంతో ముందు భాగించేవారు. పని అయిపోయాక అది లేదని కొట్టేసేవారు. ఇదెక్కడి న్యాయమని 1734లో బిషప్ బర్క్‌లీ ఎద్దేవా చేస్తూ ఒక పుస్తకమే రాశాడు. ఆ ప్రశ్నకు గట్టి జవాబు 19వ శతాబ్దిలో కోషీ, వైర్‌స్ట్రాస్ వంటివారి చేతుల్లో గాని కుదరలేదు. అంటే, మహామహులు రెండు వందల ఏళ్ళు తడుముకున్న చోట మన పిల్ల ఒక సాయంత్రం తడుముకుంది. అది మందబుద్ధి లక్షణం కాదు. పుస్తకం ఆ సంగతి ఒక్క వాక్యంలో చెప్పి ఉంటే ఆమెకు ధైర్యం కలిగేది.

అదే అవధిని మా వృత్తిలోని లెక్కతోనూ చూపవచ్చు. నూరు రూపాయలకు ఏడాదికి నూరు శాతం వడ్డీ అనుకోండి. అలాంటి వడ్డీ ఏ బ్యాంకూ ఇవ్వదు గాని లెక్కకు తేలిక. ఏడాది చివర ఒక్కసారి వడ్డీ కలిపితే 200 రూపాయలు అవుతుంది. ఆరు నెలలకోసారి కలిపి చక్రవడ్డీ కడితే 225. మూడు నెలలకోసారి అయితే 244 రూపాయల 14 పైసలు. నెలనెలా అయితే 261 రూపాయల 30 పైసలు. రోజూ కలిపితే 271 రూపాయల 46 పైసలు. గంట గంటకూ, క్షణ క్షణానికీ కలిపితే కొండంత అవుతుందా? అవదు. 271 రూపాయల 83 పైసల దగ్గరికి చేరుతూ పోతుందే గాని దాన్ని దాటదు. 17వ శతాబ్ది చివరలో జాకబ్ బెర్నూలీ ఈ వడ్డీ లెక్క మీదే ఆలోచించాడు. గణితంలో 'ఈ' అని పిలిచే 2.71828... అనే సంఖ్య తొంగిచూసింది అక్కడే. ఈ ఉదాహరణ చెబితే అమ్మాయి ముఖం విప్పారింది. అబ్బాయి మాత్రం "ఇది ఉదాహరణే గాని నిరూపణ కాదు కదా అంకుల్" అన్నాడు. అతనన్నదీ నిజమే.

ఈ తగవు కొత్తది కాదు. 1910లో లండన్‌లో 'కాల్క్యులస్ మేడ్ ఈజీ' అనే చిన్న పుస్తకం వచ్చింది. రాసినవారు సిల్వానస్ థామ్సన్. భౌతిక శాస్త్రవేత్త, ఫిన్స్‌బరీ టెక్నికల్ కాలేజీ ప్రిన్సిపాలు. మొదట ఆయన తన పేరు వేసుకోలేదు. డీ ఎక్స్ అంటే భయపడకండి, ఎక్స్‌లో ఒక చిన్న ముక్క అనుకోండి అని మొదలుపెట్టి, అవధుల జోలికి వెళ్ళకుండానే పిల్లల చేత లెక్కలు చేయించాడాయన. పునాది లేని కట్టడమని నిక్కచ్చి గణితజ్ఞులకు ఆక్షేపణ. అయినా విద్యార్థులు దాన్ని వదల్లేదు. వందేళ్ళు దాటినా ఇంకా అచ్చవుతూనే ఉంది. దాని మీద ప్రేమతోనే 1998లో మార్టిన్ గార్డ్‌నర్ కొత్త ముద్రణ సిద్ధం చేశాడు. ఆయన ముందు చేర్చిన అధ్యాయాల్లో ఒకటి అవధుల గురించే! పిల్లలు మెచ్చిన పుస్తకంలోనూ లోటు ఉండవచ్చు. ఆ లోటు ఉండీ అది ఎంతోమందిని గుమ్మం దాటించవచ్చు. రెండూ ఒకేసారి నిజం కావడానికి అభ్యంతరం లేదు.

కఠినమైన పుస్తకాల పక్షాన మాట్లాడేవారు మరో ఉదాహరణ చెబుతారు. కుంభకోణంలో పదహారేళ్ళ వయసులో రామానుజన్ చేతికి జి. ఎస్. కార్ రాసిన 'సినాప్సిస్' అందింది. పరీక్షలకు కుర్రాళ్ళను తయారుచేసే ఇంగ్లీషు ట్యూటరు కూర్చిన పుస్తకం అది. వేల కొద్దీ ఫలితాల జాబితా, నిరూపణలు నామమాత్రం. మామూలు విద్యార్థి నడిగితే పుస్తకమే కాదంటాడు. రామానుజన్ మాత్రం ఒక్కో ఫలితాన్నీ తనంతట తాను సాధించుకుంటూ పోయాడు. "చూశారా, పుస్తకం వివరించకపోతేనే బుర్ర పదునెక్కుతుంది" అంటారు పెద్దలు. ఈ వాదంలో ఒక మోసం ఉంది. అలాంటి పుస్తకాలు చదివి గణితం మీద ఆశ వదులుకున్నవారి పేర్లు చరిత్రలో ఉండవు. ఈదుకుంటూ ఒడ్డుకు చేరిన ఒక్కణ్ణి చూపించి పడవ అక్కర్లేదనడం న్యాయం కాదు. ఆ మాటకొస్తే రామానుజన్ కూడా ఎఫ్.ఏ. పరీక్ష తప్పినవాడే.

మరి పిల్లల మాటకు విలువ ఎంత? బ్యాంకులో మా పనిని ఇద్దరు పరీక్షిస్తుంటారు. ఒకరు ఆడిటరు. లెక్క సరిపోయిందా, నిబంధన పాటించారా అని చూస్తాడు. రెండోవారు కౌంటరు ముందు నిలబడ్డ ఖాతాదారు. "ఈ ఫారం ఎలా నింపాలో తెలియడం లేదు బాబూ" అంటాడు. ఆ ఫారంలో ఆడిటరుకు ఒక్క తప్పూ కనబడదు. అంత మాత్రాన ఖాతాదారు మాట అబద్ధం అయిపోదు. అలాగని ఖాతాదారు వచ్చి బ్యాలెన్సు షీటు మీద సంతకం పెట్టనూ లేడు. పుస్తకంలో సిద్ధాంతం సరిగా ఉందో లేదో చెప్పవలసింది గణితజ్ఞుడు. మెట్టు ఎక్కడ ఎత్తయిందో చెప్పగలిగేది, ఇంకా ఎక్కని విద్యార్థి ఒక్కడే. తెలిసినవాడికి తెలియకపోవడం ఎలా ఉండేదో గుర్తుండదు. అందుకే ఎంతటి పండితుడైనా ఈ ఒక్క సాక్ష్యం కోసం పిల్లవాడి దగ్గరికే రావాలి.

అయితే ఆ సాక్ష్యానికీ హద్దు ఉంది. అమెరికా వైమానిక దళ అకాడమీలో పదివేల పైచిలుకు విద్యార్థుల వివరాలతో కారెల్, వెస్ట్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు చేసిన పరిశోధన 2010లో అచ్చయింది. అక్కడ ఏ విద్యార్థి ఏ అధ్యాపకుడి దగ్గర కాల్క్యులస్ చదవాలో విద్యార్థి ఎంచుకోడు, అకాడమీయే పంచుతుంది. పరీక్ష అందరికీ ఒకటే. కాబట్టి పోల్చి చూడడం సాధ్యమైంది. ఎవరి విద్యార్థులకు ఆ కోర్సులో మంచి మార్కులు వచ్చాయో ఆ అధ్యాపకులనే పిల్లలు ఎక్కువగా మెచ్చుకున్నారు. తరవాతి పై కోర్సుల్లో చూస్తే మాత్రం, అలా మెప్పు పొందినవారి శిష్యులే సగటున వెనకబడ్డారు. పరిశోధన అధ్యాపకుల గురించి జరిగినా, పుస్తకాలకూ ఆలోచించదగ్గదే. ఈ నెల హాయిగా సాగిన చదువు రెండేళ్ళ తరవాత అక్కరకు వస్తుందో రాదో, ఈ నెల వేసిన మార్కు చెప్పలేదు. కాకరకాయ గురించి నాలుక ఒకటి చెబుతుంది, ఒళ్ళు ఇంకొకటి చెబుతుంది. అందుచేత పుస్తకం గురించి విద్యార్థిని రెండుసార్లు అడగాలి: చదువుతున్నప్పుడు ఒకసారి, దాన్ని వాడుకోవలసి వచ్చినప్పుడు మరోసారి.

ఇంతవరకూ నోరు విప్పిన పిల్లల సంగతి. నోరు విప్పనివారి సంగతే నన్ను ఎక్కువ బాధిస్తుంది. పుస్తకం బాగాలేదని అనడానికి కూడా కొంత ధీమా కావాలి. ఆ ధీమా లేని పిల్లలు "నాకు లెక్కలు రావు" అంటారు. తీర్పు పుస్తకం మీద పడవలసింది పోయి తమ మీదే వేసుకుంటారు. ఆ తీర్పు మీద అప్పీలు ఉండదు. సబ్జెక్టు మారిపోతుంది, చదువు మారిపోతుంది, ఒక్కోసారి బతుకే మారిపోతుంది.

మన ఇళ్ళలో ఇది మరీ ఎక్కువ. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియానో తమిళమో కన్నడమో మరాఠీనో, కాలేజీలో ఇంగ్లీషు. ఒక పేజీ అర్థం కానప్పుడు అడ్డుపడింది గణితమో, భాషో పిల్లవాడికే తెలియదు. 'లిమిట్' అనే మాటే చూడండి. మనకు తెలిసిన లిమిట్ ఓవర్‌డ్రాఫ్టుకూ, బండి వేగానికీ ఉండేది, దాటకూడని హద్దు. కాల్క్యులస్‌లోని లిమిట్ అంతకంతకూ దగ్గరవుతూ పోయే గమ్యం. దాని చుట్టూ అటూ ఇటూ ఊగుతూ దగ్గరైనా అది లిమిటే. ఈ తేడా చెప్పని పుస్తకం చదివి "అర్థం కాలేదు" అన్న పిల్లవాణ్ణి మందమతి అనగలమా? శాస్త్రానికి సంస్కృతమే వాడుకైన 16వ శతాబ్దిలో కేరళకు చెందిన జ్యేష్ఠదేవుడు 'యుక్తిభాష'ను మలయాళ వచనంలో రాశాడు. మాధవుడి సంప్రదాయం సాధించిన అనంతశ్రేణుల ఫలితాలతోపాటు వాటి వెనకున్న యుక్తిని కూడా ఆ భాషలోనే విప్పి చెప్పాడు. చదివేవాడి భాషలోకి దిగివస్తే శాస్త్రం పలచబడుతుందన్న అనుమానానికి ఆ పుస్తకమే సమాధానం.

కాబట్టి నాకు తోచినది ఇది. పుస్తకాన్ని విమర్శించే హక్కు విద్యార్థికి ఉంది. అది లేకపోతే ఆ విమర్శ తిరిగి వాడి మీదే పడుతుంది. హక్కుతోపాటు బాధ్యతా ఉంది. "చెత్త పుస్తకం" అనడం అభిప్రాయం కాదు, విసుగు. "46వ పేజీలో మూడో వరస నుంచి నాలుగో వరస ఎలా వచ్చిందో తెలియలేదు" అనడం సాక్ష్యం. ఆ పేజీతో ఒక గంటైనా కుస్తీ పట్టినవాడికే ఆ మాట చెప్పడం చేతనవుతుంది. అలాగే "సులభంగా నిరూపించవచ్చు" అని రాసే రచయితకూ బాధ్యత ఉంది. ఆ మాట రాసిన చోటల్లా తను ఎవరికి సులభమంటున్నాడో ఆలోచించుకోవాలి. పది మంది ఒకే పేజీ దగ్గర పడ్డారని తెలిస్తే, పడ్డవాళ్ళ కాళ్ళను గాక నేలను చూడాలి.

పెద్దవాళ్ళం మనం చేయగలిగింది ఖర్చు లేని పని. ఇంట్లో పిల్లవాడు లెక్కల పుస్తకం మూసేసి "నాకిది రాదు" అన్నప్పుడు తిట్టనూ వద్దు, ట్యూషను ఫీజు గురించి మాట్లాడనూ వద్దు. "ఏ పేజీలో ఆగావు?" అని అడుగుదాం. ఆ పేజీలోని గణితం మనకు రాకపోయినా ఫరవాలేదు. పేజీ నంబరు చెప్పడానికైనా వాడు మూసిన పుస్తకం మళ్ళీ తెరుస్తాడు.