కొండచరియకు ప్రతినిధి ఉంటుందా?

కిట్టివేక్ సముద్రపు పక్షి. నిట్టనిలువు కొండచరియల మీద, జానెడు రాతి అంచు దొరికితే చాలు, బురద, గడ్డి, నాచు కలిపి గూడు మెత్తుకుంటుంది. నక్క ఎక్కలేని చోటు కావాలి, దగ్గర్లో నీళ్లుండాలి. ఇంగ్లండులో టైన్ నది ఒడ్డున ఉన్న గేట్స్‌హెడ్‌లో బాల్టిక్ అనే పాత పిండిమిల్లు గోడలే వీటికి కొండ అయ్యాయి. ఆ మిల్లును కళాకేంద్రంగా మార్చేముందు, 1998లో, పక్షుల కోసం విడిగా ఒక గోపురం కట్టారు. 2001లో దాన్ని నది దిగువకు తరలించారు. పక్షులు ఆ గోపురాన్ని ఒప్పుకుని అందులో గూళ్లు పెట్టుకున్నాయి.

సఫోక్ తీరం దగ్గర సముద్రంలో 2023లో నిలబెట్టిన గోపురాల కథ వేరు. హార్న్‌సీ త్రీ అనే గాలిమరల క్షేత్రానికి 2020 చివర్లో అనుమతి ఇస్తూ ప్రభుత్వం ఒక షరతు పెట్టింది: మరల రెక్కలు తగిలి చనిపోయే కిట్టివేక్‌లకు పరిహారంగా కొత్త గూళ్లకు చోటు కల్పించాలి. ఒకటి పోయినచోట మరొకటి పెడితే సరిపోతుందా అన్న పాత ధర్మసందేహం ఇక్కడే లేస్తుంది.

దీన్ని మన మీమాంసకులు చాలా లోతుగా తరచిచూశారు. పూర్వమీమాంస ఆరో అధ్యాయం మూడో పాదంలో ప్రతినిధి గురించిన, అంటే యజ్ఞంలో ఒకదానికి బదులు మరొకటి వాడడం గురించిన, చర్చ ఉంది. సోమలత దొరక్కపోతే పూతీకం వాడవచ్చు, వరిధాన్యం లేకపోతే నీవారధాన్యం వాడవచ్చు. దేవతకు, అగ్నికి, మంత్రానికి మాత్రం ప్రతినిధి కుదరదు. ద్రవ్యం చేసే పని కంటికి కనబడుతుంది కనుక అదే పని చేయగల మరో ద్రవ్యాన్ని వెతుక్కోవచ్చు. తక్కినవాటి ఫలం అదృష్టం, అంటే కంటికి కనబడనిది. వాటి స్థానంలో మరొకటి పనిచేస్తుందని చెప్పడానికి ఆధారమే ఉండదు.

గేట్స్‌హెడ్ గోపురం ద్రవ్యానికి ప్రతినిధి. రాతి అంచు చేసే పని ఏమిటో తెలుసు: గుడ్డు దొర్లకుండా ఆపాలి, వెనక గోడ ఉండాలి, పైనుంచి పెద్ద గల్ పక్షులు వాలడానికి వీలు లేకుండా చూరు ఉండాలి. కిట్టివేక్ పిల్లలు గోడవైపు ముఖం పెట్టి కదలకుండా కూర్చుంటాయి కాబట్టి సన్నటి అంచయినా సరిపోతుంది. కొలతలు మార్చి చూడవచ్చు, బొమ్మ పక్షులను పెట్టి, అరుపులు వినిపించి పిలవవచ్చు. తీర్పు మాత్రం పక్షిదే. అదీ వెంటనే రాదు, ఎందుకంటే కిట్టివేక్ సాధారణంగా నాలుగైదేళ్లు వస్తేగాని గూడు కట్టదు. వచ్చిన మొదటి వసంతంలోనే ఖాళీగా ఉందని గోపురాన్ని తప్పుబట్టడం తొందరపాటే.

సఫోక్ గోపురాలు గూటికి బదులు గూడు ఇవ్వడంతో ఆగవు. చనిపోయే పక్షికి బదులు పుట్టబోయే పక్షిని లెక్కలో వేస్తాయి. జాతి పరంగా ఈ లెక్క అర్థవంతమే, సంఖ్య నిలబడితే జాతి నిలబడుతుంది. చనిపోయిన పక్షి పరంగా చూస్తే మాత్రం దానికి ఏమీ ముట్టలేదు. పైగా హాని జరగబోతోందని ముందే తెలుసు. తెలియక చేసిన పాపానికే ప్రాయశ్చిత్తమని కొందరు, తెలిసి చేసినదానికీ ఉందని మరికొందరు అన్నట్టు మనుస్మృతి పదకొండో అధ్యాయం చెబుతుంది. ఇక్కడ మరలు తిరగకముందే ప్రాయశ్చిత్తం జరిగిపోయింది. దీన్ని పుణ్యమనడం తగదు, బాకీ అనడమే న్యాయం. అలాగని మరలు పెట్టడమే అన్యాయమనీ అనలేం. సముద్రం వేడెక్కడం కిట్టివేక్ ఆహారాన్నే దెబ్బతీస్తోంది, ఆ వేడిని తగ్గించే దారుల్లో గాలిమర ఒకటి.

ఆ ఆహారంలో ముఖ్యమైనది శాండీల్ అనే సన్నటి చేప. అది లేకపోతే ఎంత చక్కటి గోపురంలోనైనా పిల్లలు బతకవు. అసలు ద్రవ్యం దొరికేటప్పుడు ప్రతినిధి జోలికి పోకూడదన్నది మీమాంసకుల నియమం. ఉత్తర సముద్రంలో ఇంగ్లండుకు చెందిన జలాల్లో శాండీల్ వేటను 2024లో నిషేధించడం ఆ నియమానికి దగ్గరగా ఉన్న పని.